కుట్టు మిషన్ మీద బొంత: మేము నేర్చుకున్న పని, దానికి పెట్టాల్సిన పేరు

(వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో ఉండే కుట్టు మిషన్ మీద బొంత కుట్టే పని గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. దీనికి ఇంగ్లీషు పేరు ఫ్రీ మోషన్ క్విల్టింగ్. ఆ పేరు మనకు కొత్త గానీ బొంత కొత్త కాదు. మన అవ్వలందరూ కుట్టినదే. చుట్టుపక్కల కన్నడం వాళ్లు కౌది అంటారు, మన ఇళ్లల్లో బొంత అంటాం. చీకిపోయిన నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, పైన రంగురంగుల పీలికలు అతికి, అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చేవాళ్లు. ఇటు గద్వాల, నారాయణపేట, అటు ఇలకల్లు, గుళేదగుడ్డ, కిందికి ఆదోని, ఎమ్మిగనూరు. ఇన్ని నేత ఊళ్ల నడుమ బతికినవాళ్లం కాబట్టి మన బొంతల్లో ఏ పీలిక ఏ ఊరి మగ్గం మీదదో మన అవ్వలు తడిమి చెప్పేవాళ్లు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన ఎమ్మిగనూరు నేత సహకార సంఘం దుప్పటి చిరిగితే దాన్ని పారేసేవాళ్లు కాదు, బొంతకు అడుగుపొర అయ్యేది.

ఇప్పుడు ఆ ఇళ్లు ఎట్లా ఉన్నాయో మీకు తెలుసు. చాలా చోట్ల మగ్గం గుంట పూడ్చేసి పైన షాబాదు బండ పరిచారు. ఆ బండ మీదే ఒక కుట్టు మిషన్ ఉంది. జాకెట్లు, ఫాల్స్, లంగాలు కుట్టి ఇంటి ఖర్చుకు ఎంతోకొంత తెస్తున్నారు. అట్లా ఉన్న మిషన్ మీదే ఇంకొక పని చేయొచ్చని తెలిసి మేము తొమ్మిది మందిమి ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాం. ఫోన్లో వీడియోలు చూశాం, పాత మిషన్ ఎంబ్రాయిడరీ తెలిసిన ఒక అక్కను అడిగాం. మాకు పని ఎట్లా పట్టుబడిందో ముందు చెబుతాం. ఆ తర్వాత దీంట్లో మమ్మల్ని రెండు వర్గాలుగా చీల్చిన విషయం ఒకటుంది, అది కూడా చెబుతాం. నిజానికి ఈ రోజు మైకు ముందుకు వచ్చింది దానికోసమే.

మామూలు కుట్టులో గుడ్డను నడిపేది మిషనే. సూది కింద పలకలో చీలికలుంటాయి కదా, వాటిలోంచి చిన్న ఇనప పళ్లు పైకి లేచి ఒక్కో కుట్టుకు గుడ్డను కొంచెం కొంచెం వెనక్కి నెడతాయి. అందుకే కుట్టు ఎప్పుడూ తిన్నగా, ఒకే కొలతలో పోతుంది. ఈ పనిలో ఆ పళ్లను కిందికి దించేస్తాం. కొన్ని మిషన్లకు దానికొక మర ఉంటుంది. కొన్నిటికి పళ్ల మీద బిగించే చిన్న రేకు ఇస్తారు. పళ్లు దిగాక గుడ్డ నిలబడిపోతుంది. సూది ఎంత ఆడినా అక్కడే పొడుస్తుంది. ముందుకు, వెనక్కి, పక్కకు, గుండ్రంగా, ఎటు జరపాలన్నా మన చేతులే జరపాలి. కుట్టు పొడవు తిప్పే మరతో ఇక పని లేదు. కాలి వేగం, చేతి వేగం రెండూ కలిసి కుట్టు పొడవు తేలుస్తాయి.

ఇది చెప్పగానే మిగతావాళ్లకు భయం వేస్తుందేమో గానీ మనకు వేయకూడదు. గుంట మగ్గం మీద కాలు తొక్కుడు చెక్క మీద, చెయ్యి నాడె తాడు మీద పెట్టుకుని పెరిగిన ఇళ్లు మనవి. పన్నె దెబ్బ గట్టిగా పడితే పేక ఒత్తుగా, మెల్లగా పడితే పలచగా కూర్చుంటుందని మనకు ఎవరూ పుస్తకంలో చెప్పలేదు. ఇక్కడా అంతే. కాలు జోరుగా తొక్కి చెయ్యి మెల్లగా జరిపితే కుట్లు ఒకదాని మీద ఒకటి పడి గుడ్డ బిరుసెక్కుతుంది. కాలు మెల్లగా పోతుంటే చెయ్యి లాగేస్తే మూరెడు కుట్లు పడతాయి, పిల్లల కాలి వేళ్లు వాటిలో ఇరుక్కుంటాయి. అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు పడితే చాలు. లెక్కపెట్టి కుట్టలేం. మిషన్ చప్పుడు ఒకే తీరుగా వినబడుతుంటే కుట్టు కూడా ఒకే తీరుగా పడుతున్నట్టు. మగ్గం చప్పుడు విని పక్కింట్లోంచే నేత ఎట్లా సాగుతోందో చెప్పిన మనుషులం కదా, ఈ చెవి మనకు ఉంది.

కాలితో తొక్కే పాత మిషన్ ఈ పనికి పనికిరాదని కొందరు అన్నారు. మా అనుభవంలో అది తప్పు. కరెంటు మిషన్ పెడల్ కొత్తవాళ్ల కాలి కింద ఒక్కసారిగా ఉరుకుతుంది. తొక్కుడు మిషన్ మన కాలు చెప్పినట్టు వింటుంది. చేత్తో చక్రం తిప్పే మిషన్ మాత్రం కుదరదు. ఒక చెయ్యి చక్రానికే పోతుంది, గుడ్డను జరపడానికి రెండు చేతులూ కావాలి. అలాంటి మిషన్ ఉన్నవాళ్లు దానికి స్టాండో, చిన్న మోటారో పెట్టించుకోవాలి.

మామూలు ఫుట్ తీసేసి, డార్నింగ్ ఫుట్ అని అమ్ముతారు, అది పెట్టాలి. స్ప్రింగు ఉంటుంది, సూదితో పాటు ఎగిరి దిగుతూ ఉంటుంది. గుడ్డను నొక్కి పట్టదు. నొక్కడం లేదు కదా అని వెనక లీవరు కిందికి దించడం మరిచిపోతారు. లీవరు దించితేనే పై దారాన్ని టెన్షన్ బిళ్లలు పట్టుకుంటాయి. దించకపోతే కింద దారమంతా పిచ్చుక గూడు లాగా ముద్దకడుతుంది. మిషన్ పాడైందని మెకానిక్కును పిలిచే సగం సందర్భాల్లో జరిగేది ఇదే, ఆ డబ్బులు దండగ.

మొదలుపెట్టేటప్పుడు సూదిని ఒకసారి దించి లేపి, బాబిన్ దారాన్ని పైకి లాగి రెండు దారాలూ చేత్తో పట్టుకోవాలి. అదే చోట మూడు నాలుగు సన్న కుట్లు వేసి ముడి పడనిచ్చి, అప్పుడు కదలాలి. నేర్చుకునే రోజుల్లో పైన ఎర్ర దారం, బాబిన్‌లో తెల్ల దారం వేసుకోండి. పైన తెల్ల చుక్కలు కనబడితే పై టెన్షన్ ఎక్కువైనట్టు. వెనక ఎర్ర ఉచ్చులు కనబడితే తక్కువైనట్టు. వంపుల దగ్గర మాత్రమే చుక్కలు వస్తుంటే టెన్షన్ జోలికి పోవద్దు. వంపు తిరిగేటప్పుడు చెయ్యి తొందరపడుతోందని అర్థం. గుడ్డను గబుక్కున లాగితే సూది వంగి పలకకు తగిలి విరుగుతుంది, ముక్క ఎగురుతుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే కుట్టండి, లేనివాళ్లు ముఖం మరీ దగ్గర పెట్టకండి. సూది 14 నంబరు చాలు, పొరలు మందమైతే 16.

చేతులు జారకుండా ఉండటానికి బయట దేశాల్లో ప్రత్యేకం గ్లౌజులు అమ్ముతారట. బ్యాంకుల్లో నోట్లు లెక్కపెట్టేవాళ్లు వేలికి తొడుక్కునే రబ్బరు తొడుగులు ఉంటాయి చూడండి, స్టేషనరీ అంగట్లో దొరుకుతాయి. అవి నాలుగు వేళ్లకు పెట్టుకుంటే అదే పని జరుగుతుంది.

ఇక డిజైను. ఈ పని గురించి మాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. సూదిని లేపకుండా, దారం తెంపకుండా, పొయ్యే దారిలోనే మొత్తం జాగా నింపుకుంటూ రావాలి. ఇది మనం వాకిట్లో వేసే మెలికల ముగ్గు కాక మరేమిటి? చుక్కల చుట్టూ తిరిగి తిరిగి పిండి తెగకుండా మళ్లీ మొదలుపెట్టిన చోటికి వచ్చే ముగ్గు వేయగల చెయ్యి, రెండు వారాల్లో మిషన్ మీద లతలు తీస్తుంది. మాలో ముందుగా పని పట్టుబడింది మిషన్ బాగా వచ్చినవాళ్లకు కాదు, ముగ్గు బాగా వచ్చినవాళ్లకు. కుట్టుపనిలో ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే తిన్నని గీత అలవాటై మొదట తడబడ్డారు. ఒక తేడా మాత్రం ఉంది. ముగ్గులో గుడ్డ లాంటి నేల కదలదు, చెయ్యి కదులుతుంది. ఇక్కడ కలం కదలదు, కాగితం కదులుతుంది. పలక మీద బలపాన్ని నిలిపి పట్టుకుని పలకను జరిపి చూడండి, అప్పుడు అర్థమవుతుంది. మొదటి డిజైనుగా ఒకదాన్నొకటి దాటకుండా వంకరలు తిరుగుతూ పోయే గీత మంచిది. తర్వాత సున్నాలు, ఆకులు. మా వాళ్లలో ఒకరు ఇలకల్లు చీర అంచులోని గోమి వరసను వదులుగా తిప్పి ఒక డిజైను కట్టారు. బాగా వచ్చింది.

సాధనకు అడుగు చదరం ముక్కలు చాలు. రెండు పాత గుడ్డల మధ్య ఒక పలచని పొర పెట్టి, బెత్తెడుకొక సేఫ్టీ పిన్ను గుచ్చాలి, లేదా కచ్చా కుట్టు వేయాలి. రోజుకు అరగంట. భుజాలు బిగబట్టి కూర్చుంటే మెడ పట్టేస్తుంది. గుంట మగ్గం నడుములకు ఏం చేసిందో మనకు తెలుసు, ఈ పనితో మెడలకు అదే చేసుకోవద్దు. ఇరవై నిమిషాలకొకసారి లేచి నిలబడండి.

పొర విషయం మన ఊరి ఎండకు తగ్గట్టు ఆలోచించాలి. నలభై డిగ్రీలు దాటే రాయచూరులో మందపాటి రజాయి ఎవరు కప్పుకుంటారు? విడి దూది పరిస్తే కుట్లు చాలా దగ్గరగా వేయాలి, లేకుంటే ఉతికినప్పుడు దూది ఒక మూలకు చేరుతుంది. అవ్వల పద్ధతే మేలు. దూది బదులు మెత్తబడిన నూలు చీర ఒకటి, రెండు మడతలు. కొత్త చేనేత బట్ట వాడితే ముందే నానబెట్టి గంజి పోయేదాకా ఉతకండి. అది కుంచించుకోవడం, ఎరుపు రంగు వదలడం అన్నీ అప్పుడే జరిగిపోవాలి. ఇలకల్లు చీర పట్టు కొంగు, నూలు ఒడలు పక్కపక్కన అతికితే రెండూ ఒకే తీరుగా కుంచించుకోవు, బొంత ఉబ్బెత్తుగా తయారవుతుంది. జరీ అంచు అందంగా ఉంటుంది గానీ సూది మొన పోతుంది, పిల్లల ఒంటికి గుచ్చుకుంటుంది. అది సంచులకు వాడండి.

పెద్ద బొంతను ఇంటి మిషన్ చేతి కింద దూర్చడం కష్టం. ఆ సందు ఆరేడు అంగుళాలే. చుట్ట చుట్టి తోసినా బరువుకు కిందికి జారి గుడ్డను లాగుతుంది, కుట్టు వంకర పోతుంది. ఎడమ పక్క ఒక బల్ల వేసి బరువంతా దాని మీద పెట్టుకోవాలి. లేదా అడుగున్నర చదరాలు విడివిడిగా కుట్టి తర్వాత అతుక్కోవాలి. మేము పసిపిల్లల బొంతలతో మొదలుపెట్టాం. మూడడుగులు, నాలుగడుగులు కొలత. ఇంటిపని మధ్యలో రెండు మూడు రోజుల్లో ఒకటి అవుతుంది. అదే కొలత చేతి కుట్టుతో అయితే పక్షం రోజులు పైనే.

ఆ తేడాయే గొడవకు మూలం.

పోయిన చలికాలం పట్నం దుకాణాదారు ఒకాయన మా బొంతలు చూసి ముప్పై కావాలన్నాడు. మంచి ధర చెప్పాడు. ఒకే షరతు, వాటికి కట్టే చీటీ మీద చేతి కుట్టు కౌది అని ఉండాలి. అట్లా ఉంటేనే కొనేవాళ్లు ఆ ధర పెడతారన్నాడు. ఆ సాయంత్రం మాలో మాకు చాలా వాదన జరిగింది. డబ్బు అవసరం లేని ఇల్లు మాలో ఒక్కటీ లేదు. ఒక చెల్లి గట్టిగానే అడిగింది: "పళ్లు దించేశాం, గుడ్డను చేత్తోనే నడిపాం, డిజైను మన బుర్రలోది. చేతి పని అంటే అబద్ధం ఎక్కడుంది?" ఆ మాటలో బలముంది. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాం.

జవాబు చెప్పింది మాలో పెద్దావిడ. ముప్పై ఏళ్లు కండెలు చుట్టిన చెయ్యి ఆమెది. "పవర్‌లూము చీరకు చేనేత అని చీటీ కట్టి అమ్మినవాడు కూడా ఇదే అన్నాడు గదమ్మా. నూలు అదే, రంగు అదే, అంచు అదే, అబద్ధం ఎక్కడుందని. ఆ చీటీ వల్లనే గదా మన మగ్గం గుంట పూడింది."

ఆర్డరు పోయింది. ముగ్గురికి ఇప్పటికీ మా మీద కోపం ఉంది, వాళ్లు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ల కోపం అన్యాయమని మేము అనం. ఆ నెల వాళ్ల ఇళ్లల్లో ఆ డబ్బు లేని లోటు మాకు తెలుసు. అయినా ఆ నిర్ణయమే సరైనదని మా నమ్మకం. చేనేతకు కొన్ని రకాలు కేటాయిస్తూ 1985లో చట్టం తెచ్చుకున్నాం, 2006లో హ్యాండ్లూమ్ మార్క్ అనే గుర్తు వచ్చింది. మరమగ్గం సరుకు మన పేరుతో అమ్ముతున్నారని ఎన్ని అర్జీలు పెట్టామో ఈ ఫెడరేషన్ ఫైళ్లు చూస్తే తెలుస్తుంది. ఒక చేత్తో ఆ అర్జీ మీద సంతకం పెట్టి, ఇంకో చేత్తో ఈ చీటీ ఎట్లా రాస్తాం? ఇంకొకటి, చేత్తో బొంత కుట్టే అవ్వలు మన ఊళ్లల్లో ఇంకా ఉన్నారు. వాళ్ల పక్షం రోజుల పని పక్కన మా మూడు రోజుల పనిని అదే పేరుతో పెడితే, వాళ్ల ధర పడగొట్టేది మనమే.

అట్లాగని మిషన్ పని తక్కువదా? అదీ కాదు. యంత్రాల మీద అన్ని అనుమానాలున్న గాంధీ గారే 1924లో సింగర్ కుట్టు మిషన్‌ను మినహాయించి, మనిషికి పనికొచ్చే కొద్ది వస్తువుల్లో దాన్ని లెక్కపెట్టారు. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో పడూకా అనే ఊళ్లో ఏటా బొంతల పోటీ జరుగుతుంది. అక్కడ 1989లో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ అనే ఆవిడ మిషన్ మీద కుట్టిన బొంతకు మొదటిసారి అన్నిటికన్నా పెద్ద బహుమతి వచ్చింది. మిషన్ మీద కుట్టింది బొంతేనా అని అక్కడా పెద్ద రగడ అయింది. తర్వాత ఆ పోటీలో చేతి పనితనానికి ఒక బహుమతి, మిషన్ పనితనానికి ఒక బహుమతి వేర్వేరుగా ఇస్తున్నారు. మిషన్ పనిని దాచిపెట్టలేదు, దాని పేరు దానికి పెట్టారు. ఈ రోజు ఆ పనికి అక్కడ లోటు లేదు.

రెండు పనులూ ఒకటి కావని చేతికే తెలుస్తుంది. మేము కుట్టిన మొదటి బొంత మా వీధిలో అవ్వకు చూపిస్తే, తడిమి చూసి, "గట్టిగుంది బిడ్డా, కానీ పడుకుంటే ఒంటికి ఒదగదు" అంది. నిజమే. మిషన్ కుట్టులో పైన ఒక దారం, కింద ఒక దారం ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. చేతి కుట్టులో ఒకే దారం లోపలికి బయటికి నడుస్తుంది, గుడ్డ మడతపడటానికి వీలిస్తుంది. ఆ మాట విన్నాక మేము కుట్ల మధ్య ఎడం పెంచాం, దారం సన్నం చేశాం. ఇప్పుడు మెత్తదనం కొంత వచ్చింది. అవ్వ బొంత అంత రాలేదు. వాటంగా ఉతకడానికి, సంచులకు, కుర్చీ దిండ్లకు, బల్ల గుడ్డలకు మాత్రం మిషన్ బొంతే నిలుస్తుంది.

మేమిప్పుడు కట్టే చీటీ మీద కన్నడంలో, తెలుగులో ఇట్లా ఉంటుంది: మిషన్ మీద చేత్తో నడిపి కుట్టిన బొంత. పై గుడ్డ చేనేతదైతే ఏ ఊరి నేతో రాస్తాం. చేతి కుట్టు అవ్వల బొంతలకు వేరే రంగు చీటీ, ఎన్ని రోజుల పనో దాని మీదే ఉంటుంది. పక్కపక్కనే పెట్టి అమ్ముతాం. ధర తేడా ఎందుకని అడిగినవాళ్లకు రెండూ చేతికిచ్చి తడమమంటాం. కొందరు వెళ్లిపోతారు. కొందరు రెండూ కొంటారు.

ధర కట్టేటప్పుడు గుడ్డ, దారం, సూదులు రాసుకుంటున్నారు గానీ గంటలు రాసుకోవడం లేదు మనవాళ్లు. గోడ మీద క్యాలెండరులోనే ఏ రోజు ఎన్ని గంటలు కూర్చున్నామో రాయండి. రోజు కూలికి తక్కువ పడుతుంటే ఆ వస్తువు మానేసి ఇంకొకటి చూడాలి. ఇది మగ్గం కూలికి బదులని మేము ఎవరికీ చెప్పం. జాకెట్ల గిరాకీ లేని నెలల్లో మిషన్ ఖాళీగా ఉండకుండా చేస్తుంది, అంతవరకే.

మిషన్ కొనబోయేవాళ్లకు ఒక మాట. 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులు ఉన్నాయి. మగ్గం నేత వాటిలో లేదు, దర్జీ పని ఉంది. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. అట్లా తీసుకున్నా, సొంతంగా కొన్నా, అంగట్లోనే పళ్లు దిగుతాయా, కప్పే రేకు ఇస్తారా, డార్నింగ్ ఫుట్ దానికి దొరుకుతుందా అని అడిగి, దించి చూపించమని చూసి తీసుకోండి. నూలు పీచు షటిల్ దగ్గర పేరుకుంటుంది, రోజూ కుంచెతో దులిపి ఒక చుక్క నూనె వేయండి.

ఫెడరేషన్ పెద్దలను మేము అడిగేవి రెండు. సముదాయ భవనంలో ఒక గది, అందులో నడుము ఎత్తు పెద్ద బల్ల ఒకటి ఇప్పించండి, పెద్ద బొంతలు పరిచి పిన్నులు గుచ్చడానికి ఇళ్లల్లో జాగా లేదు. రెండోది, చీటీల విషయం. మేము తొమ్మిది మందిమి రాసుకున్న కట్టుబాటు జిల్లా అంతటికీ ఫెడరేషన్ పేరుతో ఉంటే, రేపు ఇంకో దుకాణాదారు ఇంకో ఊళ్లో ఇంకో చెల్లిని అదే షరతు అడిగినప్పుడు ఆమె ఒంటరిగా నిలబడాల్సిన పని ఉండదు. కార్యవర్గంలో చర్చకు పెట్టమని రాతపూర్వకంగా కూడా ఇస్తున్నాం. మాతో ఒప్పుకోని ఆ ముగ్గురు అక్కచెల్లెళ్లనూ ఆ చర్చకు పిలవండి.

హాలు వెనక కిటికీ పక్కన మూడు మిషన్లు పెట్టాం. రెండు తొక్కుడువి, ఒకటి కరెంటుది. సాధన ముక్కలు, దారాలు మేమే తెచ్చాం. భోజనాలయ్యాక రండి. మగవాళ్లు కూడా కూర్చోవచ్చు, నాడె తాడు లాగిన చేతులకు ఇది తొందరగానే పట్టుబడుతుంది.